జూపిటర్ పూజారి వదులు టోపీ

ఆ రోజు వెటూరియస్ పెట్టుకున్న పనులు రెండే. ఎండెక్కకముందే క్షవరం చేయించుకోవాలి, ఆ తర్వాత ఒక పెళ్ళికి వెళ్ళి రావాలి. మామూలు మనిషికి ఇవి పనులే కావు. కానీ వెటూరియస్ రోములో జూపిటర్ పూజారి. ఉరుముకీ మెరుపుకీ మొత్తం ఆకాశానికీ పెద్ద అయిన ఆ దేవుడికి ఇలాంటి పూజారి ఊరంతటికీ ఒక్కడే ఉంటాడు. ఆ ఒక్కడికీ ఉన్నన్ని నియమాలు మిగతా ఊరందరికీ కలిపినా లేవు. గుర్రం ఎక్కకూడదు. మేకను ముట్టకూడదు. ఒట్టు పెట్టకూడదు. ఒంటిమీద ఎక్కడా ముడి అనేది ఉండకూడదు, నడికట్టు కూడా కొక్కెంతో తగిలించుకోవలసిందే.

ఇన్నిటికీ మించింది టోపీ. తెల్లటి గొర్రెతోలు టోపీ, దాని నడినెత్తిన నిలబెట్టిన ఆలివ్ పుల్ల, గడ్డం కింద ఒక పట్టీ. ఇంటి కప్పు కింద దాన్ని తీసి గోడకి తగిలించుకోవచ్చు. ఆకాశం కింద మాత్రం అది నెత్తిమీదే ఉండాలి. పడిందా, పదవి పడినట్టే. పదవితోపాటు ఇల్లు, పెద్దల సభలో కుర్చీ, అన్నీ అదే రోజు పోతాయి. వెనకటికి ఒక పూజారి గట్టిగా తుమ్మి ఉద్యోగం పోగొట్టుకున్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇన్ని బాధలున్నా వెటూరియస్‌కి ఆ పనంటే ప్రాణం. పొద్దున్నే కొండెక్కి గుడి ముందు నిప్పు రాజేసి, కాసేపు దేవుడితో తన మోకాళ్ళ నొప్పుల గురించి కూడా చెప్పుకుని దిగివచ్చేవాడు. ఆ కాసేపటి కోసం ఏ నియమమైనా భరించవచ్చని ఆయన నమ్మకం. ఆయన భార్య పోస్టూమియాకి మాత్రం అంత నమ్మకం లేదు. ఆవిడకి ఉరుమంటే చచ్చేంత భయం. ఉరుముల దేవుడి పూజారికి ఇచ్చి చేసేటప్పుడు ఈ సంగతి ఎవరూ ఆవిడని అడగలేదు.

ఇక పెళ్ళి సంగతి. ఊళ్ళోని పూజారులందరి మీదా అధికారం ఉన్న ప్రధాన పురోహితుడు ఫ్యూరియస్‌కి నూమెరియస్ అని ఒక మేనల్లుడున్నాడు. ఆ కుర్రాడికి ఏ పనీ చేతకాదు కాబట్టి దేవుడి పని ఇప్పిద్దామని మేనమామ చాలాకాలంగా చూస్తున్నాడు. దానికి రెండు అడ్డంకులు. ఒకటి, ఆ స్థానంలో వెటూరియస్ ఉన్నాడు. రెండోది, జూపిటర్ పూజారి కావాలంటే పాత పద్ధతిలో, దేవుడి ఎదుట గోధుమ రొట్టె తిని పెళ్ళాడినవాడై ఉండాలి. ఆ రెండోది ఇవాళ తీరిపోతుంది. పాత పద్ధతి పెళ్ళికి జూపిటర్ పూజారి దగ్గరుండి తీరాలి గనక, తీర్చవలసినవాడు కూడా వెటూరియసే.

"మీ కుర్చీలో కూర్చోబోయేవాడికి మీరే పీట వేసి వస్తారన్నమాట," అంది పోస్టూమియా.

"నేను లేస్తే కదే వాడు కూర్చునేది."

"మిమ్మల్ని లేపడానికెంతసేపు? ఆ టోపీ జాగ్రత్త."

జూపిటర్ పూజారి జుట్టు దాసుల చేత కత్తిరించకూడదు, స్వతంత్రుడే కత్తిరించాలి, అదీ కంచు కత్తెరతో. వాళ్ళింటి మంగలి ముసలాయనకి జ్వరం వచ్చి, బదులుగా అల్లుణ్ణి పంపాడు. అల్లుడి పేరు ఓప్పియస్. ఓస్టియా రేవులో నావికులకు క్షవరాలు చేసి అలవాటైన చెయ్యి. మనిషి మంచివాడే, మాటకారి కూడా.

"కుడిపక్క కొంచెం ఎక్కువుందండీ అయ్యగారూ. సమానం చేసేస్తాను."

"చెయ్యి నాయనా."

"ఇప్పుడు ఎడమపక్క ఎక్కువైనట్టుందండీ."

"నీకెలా తోస్తే అలా చెయ్యి."

"మా మావగారు ఈ నడినెత్తి ఎలా వదిలేశారో తెలీట్లేదండీ. రేవులో అయితే దీన్ని క్షవరం అనరు. ఇందాక ఇంట్లో కూడా ఇదే గొడవ. మా ఆవిడ పొయ్యిమీద చిక్కు..."

పోస్టూమియా గట్టిగా దగ్గింది. చిక్కుడు గింజలు తినడమే కాదు, వాటి పేరు కూడా ఆ ఇంట్లో పలకకూడదు. ఓప్పియస్ ఉలిక్కిపడ్డాడు. ఆ ఉలికిపాటులో చెవి మీద ఒక పిడికెడు జుట్టు పోయింది. దానికి సరిపడా రెండో చెవి మీదా తియ్యాల్సి వచ్చింది, ఆ రెండింటికీ సరిపడా వెనక. కత్తిరించిన జుట్టు శుభమని ఎంచిన చెట్టు కింద పాతిపెట్టడం ఆచారం. ఈసారి మూట చూసి తోటమాలి, గొర్రెకి గాని చేశారా అని అడిగాడు.

వెటూరియస్ అద్దం చూసుకోలేదు. నేరుగా వెళ్ళి గోడనున్న టోపీ తీసి పెట్టుకున్నాడు. అది కనుబొమల దాకా దిగింది.

ఇన్నేళ్ళుగా ఆ టోపీని పట్టి ఉంచింది ఆయన జుట్టేనని ఆ క్షణంలో భార్యాభర్తలిద్దరికీ ఒకేసారి తెలిసింది. రెండో టోపీ లేదు. బలి ఇచ్చిన గొర్రె తోలుతోనే కుట్టాలి, కుట్టేసరికి నెల గడుస్తుంది. పోస్టూమియా ఇంత ఉన్ని తెచ్చి టోపీలో కూరింది. ఇప్పుడది కళ్ళమీదకి జారడం మానేసి, అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. గడ్డం కింద పట్టీ వేళ్ళాడుతోంది. దానికి చిన్న ముడి ఒకటి వేస్తే సరిపోతుంది. ఆ ముడి రోములో ఎవరైనా వేసుకోవచ్చు, ఈయన తప్ప.

"గడ్డం పైకెత్తండి," అంది పోస్టూమియా.

ఎత్తాడు. పట్టీ బిగిసింది, టోపీ నిలబడింది. దించితే మళ్ళీ ఊగింది.

"అయితే ఎత్తే ఉంచండి. పెళ్ళయి ఇంటికొచ్చేదాకా దించొద్దు. ఎవరైనా అడిగితే టోపీ మాట ఎత్తొద్దు. ఎత్తారా, ఆ ఫ్యూరియస్ చేత్తో పట్టుకుని ఊపి మరీ చూస్తాడు."

"మరి అడిగితే ఏం చెప్పను?"

"మీరు అబద్ధం ఆడలేరు గనక, అసలు మాట్లాడకండి."

అలా బయలుదేరారు. ముందు కేకలు వేసే బంట్రోతు విబియస్ నడుస్తున్నాడు. జూపిటర్ పూజారికి ప్రతిరోజూ పండగే. పండగపూట ఎవరూ పని చెయ్యడం ఆయన కంట పడకూడదు. అందుకని విబియస్ ముందే పోయి, "చేతులాపండి, పూజారిగారొస్తున్నారు," అని అరుస్తాడు. కమ్మరి సుత్తి దింపేస్తాడు, రొట్టెలామె పిండిలోంచి చేతులు తీసేస్తుంది, ఆయన దాటేదాకా అందరూ ఊరికే నిలబడతారు. మామూలు రోజుల్లో ఆ నిలబడడంలో చూడడానికేమీ ఉండదు. ఇవాళ మాత్రం పూజారిగారు గడ్డం ఆకాశానికెత్తి, కళ్ళు మబ్బులకి అతికించి, పాలగిన్నె మోసుకెళ్ళే మనిషిలా అడుగులో అడుగేసుకుంటూ వస్తున్నారు.

"ఏంటి, పైకి చూస్తున్నారు?" అన్నాడు కమ్మరి.

"ఏదో కనపడుంటుంది," అంది రొట్టెలామె.

"నాకేం కనపడట్లేదే."

"నీకెందుకు కనపడుద్ది? నువ్వేమన్నా పూజారివా?"

ఆ మాటకి కమ్మరికి రోషం వచ్చింది. కళ్ళు చికిలించి చూశాడు. చూడగా చూడగా, దూరంగా ఒక నల్లటి చుక్క కనిపించింది. అది డేగ అన్నాడు. జూపిటర్ పక్షి డేగే గనక ఎవరికీ అనుమానం రాలేదు. చేతిలో పని ఎలాగూ లేదు గనక ఇద్దరు ముగ్గురు పూజారి వెంట నడిచారు.

తర్వాతి మలుపులో, జనం నోట, ఆ డేగ శకునం పలికే ఎడమవైపు నుంచి వచ్చింది. ఇంకో మలుపులో దాని కాళ్ళలో పాముంది. వెనక నడుస్తున్న పోస్టూమియాకి ఈ మాటలు చెవిన పడ్డాయి. ఆవిడ కళ్ళు మాత్రం పొంగబోయే పాలమీద ఉన్నట్టు టోపీ మీదే ఉన్నాయి.

"ఏం లేదమ్మా," అంది పక్కనున్నామెతో. "ఆయనకి మెడ పట్టేసింది. అంతే."

ఆమె పక్కకు తిరిగి ఇంకొకామెతో అంది, "విన్నావా? మెడ పట్టేశాడంట."

"ఎవరు?"

"ఇంకెవరు? జూపిటరే. మెడ పట్టుకుని పైకి తిప్పి, చూడూ అన్నాడంట."

పోస్టూమియా ఇంక నోరు విప్పలేదు. విబియస్ మాత్రం విప్పాడు. ఇన్నేళ్ళుగా తన కేకలకి జనం విసుక్కోవడమే గాని ఇలా వెంటబడి రావడం వాడెరగడు. "అయ్యగారికి కనపడేవన్నీ మనకి కనపడతాయా? నేను రోజూ చూస్తూనే ఉంటాను," అన్నాడు ఛాతీ విరుచుకుని. చేపల బజారు దగ్గరికి వచ్చేసరికి, నిర్మలమైన ఆకాశంలో మెరుపు మెరిసిందని ఇద్దరు చెప్పారు. ముగ్గురు ఉరుము విన్నామన్నారు. ద్రాక్షసారా కొట్టువాడు పందిరి గుడ్డ దించేశాడు. మేడమీద ఒక ముసలామె, ఏ సంగతీ అడక్కుండానే, ఆరేసిన బట్టలు తీసేసింది.

వెటూరియస్‌కి ఇవేవీ సరిగ్గా తెలియవు. పొద్దున్నుంచీ ఆకాశం తప్ప ఇంకేదీ చూడని మనిషి ఆ ఆకాశంలో కొండల వెనకనుంచి పైకి లేస్తున్న నల్లమబ్బుని మాత్రం గమనించలేదు. ఆయన మనసంతా పట్టీ మీద ఉంది.

పెళ్ళి నూమెరియస్ ఇంటి నడిమి వాకిట్లో. పైన కప్పు లేదు, నేరుగా ఆకాశమే. సాక్షులు వరసగా కూర్చున్నారు. గొర్రెతోలు పరిచిన జంట పీటల మీద పెళ్ళికొడుకు అత్తిపండ్లు తింటూ కూర్చున్నాడు. పక్కన పెళ్ళికూతురు సెర్జియా నిప్పురంగు ముసుగులో ఉంది. ఆ ముసుగు ముక్కు కిందికి దిగి ఉండడం వల్ల ఆ పిల్లకి ఎదుటివాళ్ళ కాళ్ళు తప్ప ఇంకేమీ కనిపించవు. ఆ ముసుగు కింద ఎలాంటి మొహం పెట్టుకుందో అడగాలని కూడా ఎవరికీ తోచలేదు.

జనం వీధి గుమ్మంలోంచి లోపలికి తొంగిచూస్తుంటే ఫ్యూరియస్ బయటికి వచ్చి కబురంతా విన్నాడు. విని, మొహం గంటు పెట్టుకున్నాడు. పాత పద్ధతి పెళ్ళి జరుగుతుండగా ఉరిమితే ఆ పెళ్ళి ఆగిపోవలసిందే. దేవుడు వద్దన్నాడని అర్థం. ఇది వెటూరియస్ ఆడుతున్న నాటకమని ఆయనకి వెంటనే అర్థమైపోయింది.

"ఏమయ్యా వెటూరియస్, ఉరుము విన్నావటగా?"

"లేదండీ ఫ్యూరియస్ గారూ. నేనేం వినలేదు," అన్నాడు వెటూరియస్ ఆకాశంతో.

"మెరుపు?"

"చూళ్ళేదండీ."

"డేగ?"

"ఎక్కడండీ?"

"మరి నాతో మాట్లాడేటప్పుడైనా నా మొహం చూడవేం?"

వెటూరియస్‌కి చెమట పట్టింది. టోపీ వదులైందని ఒక్కమాట అంటే ఈ గొడవంతా తీరిపోతుంది, ఉద్యోగమూ తీరిపోతుంది. కొండమీద పొద్దుటి నిప్పు గుర్తొచ్చింది. ఆలోచించి ఆలోచించి, అబద్ధం కానిదొకటి చెప్పాడు.

"పైకి చూడ్డం నా పనే కదండీ."

ఈ మాట గుమ్మంలోంచి వీధిలోకి పోయింది. అవతల పెద్దగా గుసగుసలు లేచాయి. ఫ్యూరియస్ పళ్ళు కొరికాడు.

"ఏమీ చూడలేదని ఒట్టేసి చెప్పు."

"నేను ఒట్టు పెట్టకూడదండీ. మీకు తెలీనిదేముంది."

"మావయ్యా, రొట్టె చల్లారిపోతోంది," అన్నాడు నూమెరియస్ పీటమీంచి.

ఫ్యూరియస్ వాకిలి మధ్యకి వచ్చి, వీధిలో వాళ్ళక్కూడా వినపడేలా గొంతు పెంచాడు. "అందరూ వినండి. ఆకాశం నిర్మలంగా ఉంది. జూపిటర్ మనసు మీ చేపల బజారు కంటే నాకు బాగా తెలుసు. ఇవాళ ఆయన నోరు మెదపడు, నాదీ పూచీ." తర్వాత గొంతు తగ్గించి, "ఇక చాల్లే. తల దించి పని కానియ్," అన్నాడు.

రొట్టె ముక్క హోమగుండంలో వెయ్యాలి. ఆ గుండం మోకాలెత్తున ఉంది. తల దించకుండా దాంట్లో ఏదైనా వెయ్యాలంటే విసిరెయ్యాలి, దేవుడికి విసిరెయ్యకూడదు. వెటూరియస్ భార్యకేసి చూడలేకపోయాడు. దేవుడా, నేను నీకేం తక్కువ చేశాను అని మనసులో ఒకసారి అనుకుని, మోకాళ్ళు వంచాడు. గడ్డం పైకే ఉంచి కాస్త దిగాడు. మోకాళ్ళు ఇంక వంగనన్నాయి. అప్పుడు నడుము వంచాడు. టోపీ ఊగింది. పట్టీ గడ్డం మీదినుంచి మెల్లగా జారడం ఆయనకి తెలుస్తూనే ఉంది. అవతల నూమెరియస్ తన వంతు రొట్టె కోసం నోరు తెరిచాడు.

సరిగ్గా అప్పుడు నెత్తిమీద ఆకాశం పగిలినట్టు ఉరిమింది.

సాక్షులందరూ ఒక్కసారి పైకి చూశారు. ఫ్యూరియస్ పైకి చూశాడు. నూమెరియస్ నోరు మూసుకోకుండానే పైకి చూశాడు. పోస్టూమియా రెండు చేతులతో కళ్ళు గట్టిగా మూసుకుని దండకం అందుకుంది. టోపీ పడింది. దొర్లుకుంటూ వెళ్ళి జంట పీటల ముందు ఆగింది. అప్పటిదాకా ఆకాశం తప్ప ఏమీ చూడని వెటూరియస్ ఒక్కడే ఆ వాకిట్లో నేలకేసి చూస్తున్నాడు.

ఒక్కడే కాదు. ముసుగు వల్ల పైకి చూడలేని మనిషి ఇంకొకరున్నారు. ఒక చిన్న చెయ్యి ముసుగులోంచి బయటికి వచ్చి టోపీని తీసి ఆయన చేతిలో పెట్టింది.

"పెట్టుకోండి బాబాయ్ గారూ," అంది సెర్జియా రహస్యంగా. "త్వరగా."

పెట్టుకున్నాడు. "పడిపోయిందమ్మా," అన్నాడు.

"ఏం పడింది? ఉరుము పడింది. పెళ్ళి ఆగింది." ముసుగు అంచు కాస్త ఎత్తి చూసిన ఆ పిల్ల గొంతులో నవ్వు దాగలేదు. "క్షవరం బాగా దగ్గరగా చేశాడండీ. ఎవరు?"

"ఓప్పియస్ అని, మా మంగలి అల్లుడు."

ఆ పిల్ల ఆ పేరు మళ్ళీ తనలో తాను అనుకుంది. అంతలో వాన దబదబా కురిసింది. అందరూ తోసుకుంటూ వసారా కిందికి పరిగెత్తారు. వీధిలో జనం మాత్రం తడుస్తూనే, పూజారిగారు పొద్దున్నే చూశారు, మేమూ చూశాం అని కేకలు వేస్తున్నారు. కమ్మరి అందరికంటే గట్టిగా అరుస్తున్నాడు. తన గొంతుకి ఇంత జనం బదులు పలకడం చూసి విబియస్ కళ్ళు తుడుచుకున్నాడు.

వసారాలో ఫ్యూరియస్ తడిసిన కోడిలా నిలబడి ఉన్నాడు. ఇందాక తానిచ్చిన పూచీ ఊరంతా విందని ఆయనకి గుర్తుంది. వెటూరియస్ మెల్లగా దగ్గరికి వెళ్ళాడు. గెలిచినట్టు ఆయనకేమీ అనిపించలేదు, సిగ్గుగా ఉంది. దేవుడి ఎదుట జరిగింది దాచుకుని రేపు మళ్ళీ ఆ కొండ ఎలా ఎక్కడం అనిపించింది. వెనక పోస్టూమియా చెయ్యి పట్టి లాగుతున్నా వినలేదు.

"ఫ్యూరియస్ గారూ, ఒక్కమాట. నా టోపీ..."

"నీ టోపీ నీ దగ్గరే ఉంచుకో నాయనా," అన్నాడు ఫ్యూరియస్. "దాని మాట ఈ జన్మలో మళ్ళీ ఎత్తను. నువ్వు కూడా నా దగ్గర ఎత్తకు."

"అది కాదండీ, నేను చెప్పేది..."

"చెప్పొద్దన్నానా. పొద్దున్నే నీకు తెలుసు. తెలిసీ నన్ను ఊరందరి ముందూ మాట్లాడనిచ్చావు. నీతో పెట్టుకోవడం నాదే తప్పు." ఆయన గోడకేసి తిరిగి నిలబడ్డాడు.

"మావయ్యా, మరి రొట్టె?" అన్నాడు నూమెరియస్.

ఇంటికి వస్తూ వెటూరియస్ భార్యకి జరిగిందంతా చెప్పాడు. వాన వెలిసింది. ఆయన గడ్డం పైకెత్తే నడుస్తున్నాడు, ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుని గుంటల పక్కగా నడిపిస్తోంది.

"టోపీ పడ్డం ఆయన చూశాడంటారా?" అంది ఆవిడ, పైకి చూపిస్తూ.

"చూడకుండా ఎలా ఉంటాడే? పైనే ఉన్నాడుగా."

"చూసి ఏమన్నాడు?"

"ఉరిమాడు," అన్నాడు.

"పడ్డాక ఉరిమాడా, పడేముందు ఉరిమాడా?"

"ముందే."

"అయితే మీకింక భయం లేదు. మిమ్మల్ని అనేవాడైతే తర్వాత ఉరిమేవాడు," అంది పోస్టూమియా. పెళ్ళయ్యాక మొదటిసారి ఆవిడ ఉరుము గురించి మంచిమాట మాట్లాడింది. ఆ లెక్క బాగానే ఉందనిపించి ఆయన మర్నాడు కొండెక్కాడు. నిప్పు రాజేసి, టోపీ సంగతి మొత్తం పూసగుచ్చినట్టు దేవుడికి చెప్పుకున్నాడు. ఆకాశం ఏమీ అనలేదు.

ఆ వేసవంతా రోములో మగవాళ్ళు చెవులు బయటపడేలా క్షవరాలు చేయించుకుని, గడ్డం పైకెత్తి నడిచారు. ఓప్పియస్ రేవు వదిలేసి ఊళ్ళోనే అంగడి పెట్టాడు. వెటూరియస్ మాత్రం ఇక కత్తెర ముట్టనని, జుట్టు భుజాల దాకా పెంచుతానని భార్యకి మాటిచ్చాడు. కొత్త టోపీ వచ్చింది. టోపీ, జుట్టు, ఉద్యోగం మూడూ కుదురుకున్నాయి.

ద్రాక్షకోతలయ్యాక ఫ్యూరియస్ ఆ పెళ్ళికే మళ్ళీ ముహూర్తం పెట్టించాడు. దానికి ముందురోజు పొద్దున్నే ఓప్పియస్ కంచు కత్తెర పట్టుకుని వెటూరియస్ గుమ్మంలో నిలబడి, "పెళ్ళికూతురుగారు పంపారండీ," అన్నాడు.